స్లీప్ పెడితే ఆగేది లూప్ ఒక్కటే కాదు

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది: "ఆండ్రాయిడ్‌లో లూప్ రౌండ్ల మధ్య సెకను గ్యాప్ కావాలా? థ్రెడ్.స్లీప్(1000) చాలు. హ్యాంగ్ అయితే పోస్ట్‌డిలేడ్ పెట్టండి. అప్పటికీ కుదరకపోతే టైము పెంచండి. కొరూటీన్లు ఉత్త బిల్డప్." ఇంటర్వ్యూలకి తిరిగే పిల్లలు దీన్ని బట్టీ పట్టేస్తున్నారు, అందుకే రాస్తున్నా.

స్లీప్ చాలంట. థ్రెడ్ అంటే కోడ్‌ని వరసగా నడిపే దారి, స్లీప్(1000) అంటే దాన్ని 1000 మిల్లీసెకన్లు, అంటే సెకను, నిద్రపుచ్చడం. బటన్ నొక్కగానే నడిచే కోడ్ మామూలుగా మెయిన్ థ్రెడ్ మీద నడుస్తుంది, స్క్రీన్ మార్పులు చూసుకునేదీ, మీ వేలు తాకిందని గమనించేదీ ఆ థ్రెడ్డే. దాన్నే నిద్రపుచ్చితే మీరు రాసిన సెట్‌టెక్స్ట్ (స్క్రీన్ మీద అక్షరాలు మార్చే ఆదేశం) ఎవరు చూపిస్తారు? 10 నుంచి 1 దాకా కౌంట్‌డౌన్ అని రాస్తే పది సెకన్లు బిగుసుకుపోయి చివర్లో 1 ఒక్కటే కనిపిస్తుంది. 60 హెర్ట్జ్ స్క్రీన్‌లో ఒక్కో ఫ్రేముకి దొరికేది 16.7 మిల్లీసెకన్లు, మనవాడు 1000 పట్టుకుని కూర్చుంటాడు. ఈలోగా ఎవరైనా స్క్రీన్ తాకి, 5 సెకన్లలో ఉలుకూపలుకూ లేకపోతే "యాప్ స్పందించడం లేదు" అని వచ్చేస్తుంది. వేరే థ్రెడ్‌లో స్లీప్ పెట్టుకుంటే తప్పేం లేదు, కానీ అక్కడి నుంచి నేరుగా స్క్రీన్‌ని ముట్టుకోకూడదు.

ఇక పోస్ట్‌డిలేడ్. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే, నేనూ పడ్డాను, ఒక రాత్రంతా పోయింది. ఫర్ లూప్ (ఒకే పనిని ఇన్ని రౌండ్లని తిప్పే కోడ్) లోపల పోస్ట్‌డిలేడ్ రాస్తే లూప్ అసలు ఆగదు. "సెకను తర్వాత ఈ పని చెయ్యి" అని చీటీ రాసి క్యూలో పడేసి వెంటనే తర్వాతి రౌండుకి వెళ్లిపోతుంది. పది చీటీలూ రెప్పపాటులో పడిపోతాయి, సెకను తర్వాత పదీ ఒక్కసారే మీద పడతాయి. ఒక్కటే గీజర్ ఉన్న పీజీలో పొద్దున్నే పదిమందికీ "పది నిమిషాలాగి రా" అని చెప్పినట్టన్నమాట. పది నిమిషాలకి బాత్రూమ్ ముందు పది బకెట్లు! రౌండు నంబరుతో 1000ని గుణిస్తే ఒకటి తర్వాత ఒకటి వస్తాయి. అంతకన్నా మంచిది, ఫర్ లూప్ తీసేసి, ఒక రౌండు పని అయ్యాక అదే తన తర్వాతి చీటీ రాసుకునేలా చేయడం. స్క్రీన్ మూసేటప్పుడు రిమూవ్‌కాల్‌బ్యాక్స్ (మిగిలిన చీటీలు తీసేసే ఆదేశం) మర్చిపోవద్దు, లేదంటే లేని స్క్రీన్ కోసం చీటీలు పేలుతూనే ఉంటాయి.

టైము పెంచాలట. 1000ని 3000 చేస్తే పదీ మూడు సెకన్లకి కలిసి వస్తాయి, అంతే.

కొరూటీన్లు (మధ్యలో ఆగి, మళ్లీ అక్కడి నుంచే సాగగల కోడ్) బిల్డప్ అన్నవాళ్లు ఒక్కసారి రాసి చూడండి: లైఫ్‌సైకిల్‌స్కోప్.లాంచ్ లోపల అదే మామూలు ఫర్ లూప్, అందులో డిలే(1000). ఇది థ్రెడ్‌ని పట్టుకుని కూర్చోదు, వదిలేసి పక్కకి తప్పుకుని, టైమయ్యాక ఆగినచోట మొదలుపెడుతుంది. యాక్టివిటీ, అంటే ఆ స్క్రీన్, పోతే లూప్ కూడా రద్దయిపోతుంది, చీటీలు ఏరుకునే పని లేదు. ఫ్లట్టర్ (యాప్‌లు తయారుచేసే గూగుల్ కిట్) వాళ్లకి ఫర్ లూప్‌లో అవెయిట్ ఫ్యూచర్.డిలేడ్ ఉంది, కానీ దాన్ని ఫర్‌ఈచ్‌లో పెడితే అది ఒక్కో రౌండు కోసం ఆగదు, మళ్లీ గీజర్ కథే.

ఒకటి మాత్రం ఉంది, డిలే(1000) అంటే కనీసం సెకను, దానికి మీ పనికి పట్టే టైము కూడా కలుస్తుంది. స్టాప్‌వాచ్ రాస్తుంటే రౌండ్లు లెక్కపెట్టకుండా ప్రతిసారీ సిస్టమ్‌క్లాక్.ఎలాప్స్‌డ్‌రియల్‌టైమ్ (ఫోను ఆన్ అయినప్పటి నుంచి గడిచిన టైము) అడిగి, మొదలుపెట్టిన టైము తీసేయండి.