"మా జనగామ ఎక్కడుందమ్మా?"

మొన్న ఒక మీటింగ్‌లో తెలంగాణ 33 జిల్లాల గ్రాఫ్ చూపించారు. 2011 జనాభా లెక్కలు. అడ్డంగా జనసాంద్రత, నిలువుగా అక్షరాస్యత. వెనక కూర్చున్న పెద్దాయన "మా జనగామ ఎక్కడుందమ్మా?" అని అడిగారు. గీసిన అమ్మాయికే దొరకలేదు. హైదరాబాద్ ఒక్కటే కుడి కొసన ఉంది. మిగతా పేర్లు ఎడమవైపు ఒకదాని మీద ఒకటి పడి మరకలా ఉన్నాయి. చూస్తుంటే నాకు బాధేసింది.

తప్పు ఆ అమ్మాయిది అనను. పైథాన్‌లో గ్రాఫ్‌లు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో లూప్ రాసి ప్రతి చుక్కకీ ఆనొటేట్ (పేరు రాసే ఆదేశం) పెట్టడం వరకే చాలామందికి నేర్పుతారు. చుక్కకీ పేరుకీ మధ్య ఎడం ఎలా ఇవ్వాలో చెప్పరు. అందుకని ఎక్స్ విలువకి, అంటే ఇక్కడ జనసాంద్రతకి, ఐదో పదో కలిపేస్తాం. ఆ ఐదు డేటా లెక్క, కాగితం మీది దూరం కాదు. ఈ గ్రాఫ్‌కి లాగ్ స్కేల్ (10, 100, 1000 సమాన దూరాల్లో ఉండే కొలత) తప్పనిసరి, లేకపోతే హైదరాబాద్ మిగతా అందరినీ ఒక మూలకి తోసేస్తుంది. లాగ్ స్కేల్ పెట్టగానే ఎడమ పక్క పేర్లు చుక్కకి దూరం జరుగుతాయి, కుడి పక్కవి అతుక్కుపోతాయి. ఆనొటేట్‌లో పేరు దూరాన్ని దేనితో కొలవాలో చెప్పే టెక్స్ట్‌కోర్డ్స్‌కి 'ఆఫ్‌సెట్ పాయింట్స్' అని ఇవ్వండి. ఒక పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు, స్కేల్ ఏదైనా ఎడం మారదు. కుడి అంచున ఉన్న చుక్కకి మాత్రం పేరు ఎడమవైపు పెట్టాలి.

పేర్లని తనే జరిపి సర్దే అడ్జస్ట్‌టెక్స్ట్ లైబ్రరీ ఉంది కదా అంటారు. నేనూ వాడతాను. ఆర్ భాషలో అదే పని చేసే జీజీరెపెల్ నాకు ఇంకా ఇష్టం. కానీ అడ్జస్ట్‌టెక్స్ట్‌ని బొమ్మ సైజు, యాక్సిస్ హద్దులు ఖాయమయ్యాక చివర్లోనే నడపాలి. ముందే నడిపి తర్వాత సైజు మారిస్తే పేర్లు మళ్లీ గుద్దుకుంటాయి. అయినా 33 పేర్లూ ఎందుకండీ? అసలు సంగతి చెప్పేవి ఆరేడు జిల్లాలే. అక్షరాస్యతలో అట్టడుగున ఉన్న జోగులాంబ గద్వాలకి పేరు ఉండి తీరాలి. మిగతావి బూడిదరంగు చుక్కలుగా ఉండనివ్వండి.

తెలుగులో రాద్దామంటే ఇంకో గోస. డిఫాల్ట్ ఫాంట్ డెజావూ సాన్స్‌లో తెలుగు లేదు, డబ్బాలొస్తాయి. తెలుగు ఉన్న నోటో ఫాంట్ పెడితే నా మెషీన్‌లో 'గద్వాల' వత్తు ఊడి పక్కకొచ్చింది. మన ఊరి పేరు మన లిపిలోనే విరిగిపోతే కోపం రాదా? ఎస్‌వీజీగా (బ్రౌజర్‌లో తెరుచుకునే బొమ్మ ఫైలు) సేవ్ చేసి, దాని ఫాంట్‌టైప్ సెట్టింగ్ 'నన్' పెట్టండి. అక్షరాలు బొమ్మగా మారకుండా అక్షరాలుగానే ఉంటాయి, వత్తుల సంగతి బ్రౌజర్ చూసుకుంటుంది.

ఆ రాత్రి అవే లెక్కలతో మళ్లీ గీసి ఆ అమ్మాయికి పంపాను. ఏడు పేర్లు పెట్టాను. ఎనిమిదోది జనగామ, అడిగిన ఆయన కోసం.