అమ్మకానికి ముందు గోడెక్కిన రంగు గారికి

మహారాజశ్రీ కొత్త రంగు గారికి,

నమస్కారాలు. పదేళ్లు ఆ గోడ వైపు తలెత్తి చూడని యజమాని, కొనేవాళ్లు వస్తున్నారనగానే మీ డబ్బా మూత తీస్తాడు. పైన పటారం, లోన లొటారం అంటారే, ఆ పటారం లీటర్ల లెక్కన దొరుకుతుందని మీ వల్లే తెలిసింది.

మనం మొదటిసారి కలిసింది నేను కొనాలనుకున్న ఇంట్లో. పడకగదిలో నాలుగు గోడలుంటే ఒక్కదాని మీదే మెరుస్తున్నారు మీరు. 'ఒక గోడకి వేరే రంగు, ఇప్పుడంతా ఇదే ఫ్యాషన్' అన్నాడు బ్రోకరు. నమ్మాను. మనసు పడ్డ ఇంటి గుమ్మంలో నిలబడ్డవాడు దేన్నైనా నమ్ముతాడు.

కొనేముందు, ఇళ్లలో లోపాలు పరీక్షించి చెప్పే ఇన్‌స్పెక్టర్ ఒకరికి చూపించాలన్నాను. 'దానికేముంది, మనవాడే ఒకడున్నాడు' అన్నాడు బ్రోకరు. ఆ 'మన'లో నేను లేనని అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

ఆ మనవాడు 40 నిమిషాల్లో ఇల్లంతా చుట్టేశాడు. మామూలు సైజు ఇంటిని ఒళ్లు దగ్గర పెట్టుకుని చూస్తే 2 నుంచి 4 గంటలు పడుతుందని నాకప్పటికి తెలీదు. పైకప్పును వీధిలో నుంచే పలకరించాడు. కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి, స్విచ్ నొక్కితే దీపం వెలిగింది, దాంతో ప్లంబింగూ కరెంటూ పాసైపోయాయి. సింకు కిందికి మాత్రం వంగలేదు, ప్యాంటు ఇస్త్రీది పాపం. మీ దగ్గరికొచ్చి ఆగాడు. వేలితో ఒకసారి నిమిరి 'ఫినిషింగ్ బాగుంది' అన్నాడు. మీరు సిగ్గుపడ్డట్టే ఉన్నారు, లేత గులాబీ కదా.

రిపోర్టు 12 పేజీలు. అందులో 9 పేజీలు తాను దేనికి బాధ్యుడు కాడో వివరించేవే. మిగిలిన మూడింట్లో 'ఇంటి వయసుకు తగ్గట్టుగా ఉంది' అన్న మాట ఆరుసార్లు. నా మోకాళ్ల గురించి మా డాక్టరు కూడా ఇదే అంటాడు, అవి మాత్రం అరుగుతూనే ఉన్నాయి. చివర్లో 'అవసరమైతే నిపుణుణ్ని సంప్రదించగలరు' అని రాశాడు. డబ్బులిచ్చింది ఆయన నిపుణుడనే కదా అని అడుగుదామనుకునే లోపే, గోడలకి వాటర్‌ప్రూఫింగ్ చేసే తన బావమరిది కార్డు నా చేతిలో పెట్టాడు.

అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. బేరం కుదిరితేనే బ్రోకరుకి కమీషను. బేరం చెడగొట్టే ఇన్‌స్పెక్టర్‌ని ఏ బ్రోకరూ రెండోసారి పిలవడు. రేపటి పని ఎవరి నోటి మీద ఆధారపడి ఉందో వాళ్ల మొహం చూసే కదా రిపోర్టు రాస్తాడు! ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. అమెరికాలో 1976లో మొదలైన హోమ్ ఇన్‌స్పెక్టర్ల సంఘం తన నీతి నియమాల్లోనే రాసుకుంది: ఇల్లు అమ్ముడుపోవడం మీద ఫీజు గానీ, ముందుముందు వచ్చే పని గానీ ఆధారపడేలా ఒప్పుకోకూడదు, తాను చూసిన ఇంట్లో ఏడాది దాకా డబ్బుకి రిపేర్లు చేయకూడదు. ఎవరూ చేయని పనిని కూడదని ఎవరూ రాసుకోరు.

రెండో ఆయన్ని నేనే వెతుక్కున్నాను. ఫోన్లోనే ఆయన పాత రిపోర్టు ఒకటి, పేర్లు కొట్టేసి, చూపించమన్నాను. పంపాడు. ఫొటోల నిండా బాణం గుర్తులు. మీతోపాటు నేనూ తిరగొచ్చా అంటే 'రాకపోతేనే ఇబ్బంది, పాత బట్టలేసుకు రండి' అన్నాడు. రిపేర్లు మీరే చేస్తారా అంటే చెయ్యనన్నాడు. అన్నిటికంటే నాకు నచ్చింది, ఏం చూడలేడో ముందే చెప్పడం: గోడ పగలగొట్టడు, బీరువాలు జరపడు, నేలలో పూడ్చిన పైపుల గురించి జోస్యం చెప్పడు.

ఇంట్లోకొచ్చాక ఆయన మిమ్మల్ని పొగడలేదు రంగు గారూ. ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: 'ఈ గోడకే ఎందుకు?'

తర్వాత వేలి కణుపులతో తట్టుకుంటూ పోయాడు. ఖంగుమంటూ వచ్చిన చప్పుడు ఒకచోట బొదబొదలాడింది. డొల్ల. తేమ మీటరు సూదులు ముందు పక్కనున్న పొడి గోడకి, తర్వాత మీకు గుచ్చాడు. ఆ మీటరులో శాతాలు చెక్క కోసం పెట్టినవట, గోడ దగ్గర వాటిని పోల్చి చూడ్డానికే వాడాలని ఓపిగ్గా చెప్పాడు. పోలిస్తే అంకె అమాంతం పెరిగింది. థర్మల్ కెమెరాలో మీ ఒంటి మీద నీలం మరక ఒకటి, కింది నుంచి పైకి. అది గోడ లోపలికి చూసే ఎక్స్‌రే కాదని, తేమ ఆరుతున్నచోట గోడ చల్లబడటమే కనిపిస్తోందని అన్నాడు. గోడకి అవతల స్నానాల గది. లోపల పైపు కారుతోంది. పక్కనున్న స్తంభంలో ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతోంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు జాగా తీసుకుంటుందట, అందుకే కాంక్రీటు పెచ్చులూడుతుంది. మీ కిందున్న లప్పం అదంతా పళ్ల బిగువున పట్టుకుని ఉంది.

కొనమంటారా వద్దంటారా అని అడిగితే 'అది నా పని కాదు' అన్నాడు. అంత గౌరవంగా నాతో ఎవరూ మాట్లాడలేదు. నేను కొనలేదు. బ్రోకరు మాత్రం ఆయనకి 'బేరాల యముడు' అని పేరు పెట్టాడు.

ఇదంతా పాత కథ. ఇక 'మీరు' మానేసి 'నువ్వు' అంటాను, ఇప్పుడు మన మధ్య ఆ మర్యాదలు కుదరవు. ఎందుకంటే నేనిప్పుడు నా ఇల్లు అమ్ముతున్నాను.

అమ్మకానికి పెట్టే ముందు మనమే ఒక ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించుకుని, తేలినవి బాగుచేయించి, మిగిలినవి చెప్పి అమ్మడం మంచి పద్ధతి. నాకు తెలుసు. పదిమందికి చెప్పాను కూడా. కానీ తెలిసిన లోపాన్ని దాచి అమ్మితే చాలాచోట్ల చట్టం ఊరుకోదు. కాబట్టి తెలుసుకోకపోవడమే క్షేమమని నా లోపలి బ్రోకరు సలహా ఇచ్చాడు. మెట్ల కింద చెమ్మ గోడ ఉంది చూశావూ, దాని కోసం నిన్న సాయంత్రం నిన్ను తెచ్చాను. రెండు పూతలు. ఒక గోడే అయితే అనుమానం వస్తుందని, అనుభవం కొద్దీ మూడు గోడలకి వేశాను.

ఇందాకే కొనేవాళ్ల ఫోన్ వచ్చింది. రేపు పొద్దున 9 గంటలకి తమ ఇన్‌స్పెక్టర్‌ని తీసుకొస్తారట. బ్రోకరు చెప్పినవాణ్ని కాదు, వాళ్లే వెతుక్కున్నారట. పేరు విని కూర్చుండిపోయాను.

కిటికీలన్నీ తెరిచి పెట్టాను. ఫ్యాను తిరుగుతోంది. ఇంకా వాసనొస్తున్నావు. దయచేసి పొద్దున్నకల్లా ఆరిపో.

ఇట్లు,
నీ పాత బాధితుడు, కొత్త భాగస్వామి