పసుపు కాగితం ప్రయోగంలో ఒక సవరణ

సబ్బు, సున్నం లాంటి క్షారాలను రంగు మార్పుతో గుర్తించే పసుపు కాగితం గురించి వచ్చిన ఒక వ్యాసంలో, పసుపును నీళ్లలో కలిపి కాగితానికి రాయమన్నారు. అందులో రంగు నీళ్లలో సరిగా కరగదు, పొడి మాత్రం కాగితం మీద రాలుతుంది. అర చెంచా పసుపుని 3 చెంచాల స్పిరిట్‌లో (అంటే ఆల్కహాల్; మంట అంటుకుంటుంది కాబట్టి పొయ్యికి దూరంగా, టీచరే) కలిపి, తేరిన పసుపు రంగు ద్రవంలో చార్టు కాగితం ముక్కలు ముంచి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది.

ముందే పిల్లల చేత ఆ కాగితం మీద నిమ్మరసం వేయించకండి. ఏ మార్పూ రాదు, 3వ తరగతి పిల్లలు "పాడైపోయింది" అనేస్తారు. మొదట బట్టల సబ్బు నీళ్లు: ఎర్రబడుతుంది. దాని మీద నిమ్మరసం: మళ్లీ పసుపు. అదీ వాళ్లకి నచ్చేది! కొన్ని లిక్విడ్ సబ్బులు తటస్థం (ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు), వాటితో రంగు మారదు. సబ్బుకు బదులు సున్నం నీళ్లూ వాడొచ్చు; విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో కిళ్లీ సున్నం సులువుగా దొరుకుతుంది. దాన్ని నీళ్లలో కలిపి, పైన తేరిన నీళ్లే వాడండి, పుల్లతో టీచరే చుక్క వేయాలి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం.