సవరణ: పార్కిన్సన్స్ రోగులకు తాయ్ చీ వల్ల కలిగే మేలు గురించి

చైనాకు చెందిన నెమ్మది కదలికల వ్యాయామమైన తాయ్ చీ, ఒంటి కదలికలనూ నిలకడనూ దెబ్బతీసే పార్కిన్సన్స్ అనే మెదడు వ్యాధిని నయం చేస్తుందని, రోగులు పడిపోకుండా మిగతా వ్యాయామాలన్నిటికంటే బాగా కాపాడుతుందని గత టపాలో ఉన్న వాక్యాన్ని ఈ కింది విధంగా సవరించి చదువుకోవలసిందిగా మనవి.

అమెరికాలోని ఒరెగాన్‌లో 195 మంది రోగులతో జరిగి, 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన అధ్యయనంలో, వారానికి రెండుసార్లు గంట చొప్పున 24 వారాలు తాయ్ చీ చేసినవారు, పాదం కదపకుండా ముందుకూ పక్కలకూ ఒరిగి తూలకుండా నిలదొక్కుకోవడంలో, బరువులతో కండరాల వ్యాయామం చేసినవారికంటే, ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవారికంటే మెరుగ్గా కనిపించారు. అయితే పడిపోవడం తగ్గింది ఒళ్లు సాగదీసే బృందంతో పోల్చినప్పుడే; బరువుల బృందంతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ప్రచారంలో తరచూ జారిపోయేది ఈ సగమే.

మోకాళ్లు కాస్త వంచి, ఒంటి బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదకు నింపాదిగా మార్చడమే ఈ సాధనకు మూలం కాబట్టి నిలకడ పెరగడంలో ఆశ్చర్యం లేదు గాని, వ్యాధి నయమవుతుందని ఆ అధ్యయనం ఎక్కడా చెప్పలేదు. కాబట్టి ఈ వ్యాధికి వాడే లెవోడోపా వంటి మందులను వైద్యుల సలహా లేకుండా తగ్గించడం గాని, మానడం గాని కూడదు.