నవ్వగలిగితే పక్షవాతం కానట్టేనా?

వరంగల్, ములుగు, భూపాలపల్లి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. "మనిషిని నవ్వమనండి, రెండు చేతులు ఎత్తమనండి, ఒక మాట చెప్పమనండి. మూడూ సరిగ్గా ఉంటే అది పక్షవాతం కాదు. కళ్లు తిరగడం, ఎక్కిళ్లు గ్యాస్ వల్లో, మెడ ఎముకల అరుగుదల వల్లో వస్తాయి. సీటీ స్కాన్ నార్మల్ అయితే భయం లేదు. పక్షవాతమే అయితే పది వేళ్ల కొసలు సూదితో గుచ్చి రక్తం కార్చండి." పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ దీన్ని నమ్మి ఒక రాత్రి ఇంట్లో ఆగిపోతే జరిగే నష్టం పూడ్చలేనిది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదటి మాటలో సగమే నిజం. నవ్వు, చేతులు, మాట చూసే ఈ పరీక్షను 1990లలో ఇంగ్లండ్‌లో అంబులెన్స్ సిబ్బంది కోసం తయారు చేశారు. మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతమని అనుమానించి పరుగెత్తడానికి అది పనికొస్తుంది. మూడూ బాగున్నాయి కాబట్టి పక్షవాతం కాదని తేల్చడానికి పనికిరాదు. రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతాల్లో దాదాపు ఐదింట ఒకటి మెదడు వెనుక భాగపు రక్తనాళాల్లో వస్తుంది. మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం ఉండేది ఆ వైపే. మందం బొటనవేలంతే. మింగడం, గొంతు, కళ్ల కదలిక, ఒంటి బ్యాలెన్స్, ఊపిరి అన్నీ ఆ ఇరుకు చోటు నుంచే నడుస్తాయి. చేతికీ కాలికీ బలమిచ్చే నరాల దారి అందులో ముందు వైపు ఉంటుంది. దెబ్బ పక్క భాగానికే తగిలితే చెయ్యి నిక్షేపంగా లేస్తుంది.

మా మేనమామకు జరిగింది అదే. ఆయనది నర్సంపేట దగ్గర ఊరు. పొద్దున లేవగానే కళ్లు తిరిగి వాంతి అయింది, తర్వాత ఎక్కిళ్లు పట్టుకుని వదల్లేదు. ఊళ్లో చూసినాయన గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి సెలైన్ ఎక్కించాడు. నవ్వమంటే మామయ్య నవ్వాడు, చేతులు రెండూ ఎత్తాడు. స్నానానికి నీళ్లు తోడితే ఎడమ చెయ్యి బకెట్లో పెట్టి "నీళ్లు కాగలేదేందే?" అన్నాడు. అత్తమ్మ ముట్టుకుంటే చెయ్యి కాలింది. కుడి చేత్తో ముట్టుకోమంటే ఆయనే ఉలిక్కిపడి వెనక్కి లాక్కున్నాడు. ముఖంలో మాత్రం తిరగబడి ఉంది: కుడి చెంప మొద్దుబారింది, కుడి కనురెప్ప కొద్దిగా వాలింది. గొంతు బొంగురుపోయింది, గుక్కెడు చాయ్ తాగినా పొలమారుతోంది. అత్తమ్మ ఇంకెవరి మాటా వినకుండా వరంగల్ తీసుకొచ్చింది.

ముఖానికి ఒకవైపు, ఒంటికి రెండోవైపు వేడి, నొప్పి తెలియకపోవడం ఈ రకం పక్షవాతానికి పెద్ద గుర్తు. జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ 1895లోనే దీన్ని వివరించాడు. ముఖం నుంచి వచ్చే నరాల దారి, ఒంటి నుంచి వచ్చే దారి అక్కడ పక్కపక్కనే ఉంటాయి. ఒంటి దారి అప్పటికే వైపు మారి వస్తుంది కాబట్టి ఒకే దెబ్బకు రెండు వైపులా తేడా చేస్తుంది.

ఇంకా వింత లక్షణాలున్నాయి. కొందరికి కంట్లో, చెంప మీద కారం చల్లినట్టు మంట పుడుతుంది. మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్లో పనిచేసే మనిషికి ఇలా అయితే కారం పడిందనుకుని కళ్లు కడుక్కుని ఊరుకోవచ్చు. కొందరికి గది తలకిందులైనట్టు కాసేపు కనిపిస్తుంది. ఒకటి రెండుగా కనిపించడం, ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోవడం, ఆపుకోలేని నవ్వో ఏడుపో రావడం కూడా ఉంటాయి. అరుదుగా లేని మనుషులు, జంతువులు స్పష్టంగా కనిపిస్తాయి. అలాంటివాళ్లను గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

నిజమే, కళ్లు తిరగడానికి ఎక్కువసార్లు లోపలి చెవి సమస్యే కారణం. ఉత్త ఎక్కిళ్లకూ హడలిపోనక్కర్లేదు. కానీ ఉన్నట్టుండి మొదలైతే, దాంతోపాటు మింగలేకపోవడం, బొంగురు గొంతు, చూపులో తేడా, మొద్దుబారడం వీటిలో ఏ ఒక్కటి కలిసినా అది గ్యాస్ లెక్క కాదు. ఆసరా లేకుండా కూర్చోలేకపోయినా, నిలబడితే ఒకే వైపుకు ఒరిగిపోతున్నా అంతే.

మెడ విషయానికొస్తే, ఎముకల అరుగుదల గొంతును బొంగురు చేయదు, కనురెప్పను వాల్చదు. మెడ వెనుక కొత్తగా గట్టి నొప్పి వచ్చి, ఆ వెంటే కళ్లు తిరిగితే, మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళం లోపలి పొర చీలి ఉండొచ్చు. చిన్న వయసులో వచ్చే పక్షవాతాలకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. సెలూన్లో కటింగ్ అయ్యాక మెడను టక్కున విరిపించుకునే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. దయచేసి మానేయండి.

సీటీ స్కాన్ మాటే నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది. సీటీ రక్తస్రావాన్ని బాగా పట్టిస్తుంది, అందుకే ముందు అది తీస్తారు. మెదడు కాండం చుట్టూ ఉన్న దట్టమైన ఎముక వల్ల అక్కడి చిన్న దెబ్బ అందులో చాలాసార్లు కనిపించదు. ఎమ్మారై దానికంటే ఎంతో మెరుగు. అయినా మొదటి 48 గంటల్లో అదీ కొన్ని చిన్న దెబ్బలను పట్టుకోలేకపోవచ్చు. అందుకే రిపోర్టు నార్మల్ అన్నా లక్షణాలు తగ్గకపోతే ఇంటికి బయలుదేరకండి. న్యూరాలజిస్టు చేత కళ్ల కదలిక, నడక పరీక్ష చేయించమని అడగండి.

సూదితో గుచ్చడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. వేలి కొసన రక్తం కారితే మెదడులో గడ్డ కరగదు. కరిగించే మందు మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలి. పెద్ద రక్తనాళం మూసుకుపోతే కొందరికి 24 గంటల వరకూ గడ్డను బయటికి తీసే వీలుంది, కానీ ఎంత తొందరగా తీస్తే అంత మేలు. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కే దాదాపు 100 కిలోమీటర్లు. కాబట్టి 108కి ఫోన్ చేయండి. మనిషి చివరిసారి బాగా ఉన్న సమయం కాగితం మీద రాసుకోండి, డాక్టర్ మొదట అడిగేది అదే. నోట్లో నీళ్లు, మాత్రలు ఏవీ వేయకండి. మింగలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అది మెదడులో రక్తస్రావం వల్ల వచ్చిన పక్షవాతమైతే ఆస్పిరిన్ ఇంకా కీడు చేస్తుంది. బయలుదేరుతూనే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇప్పుడు స్కాన్ తీస్తారా, గడ్డ కరిగించే మందు ఉందా అని అడగండి. లేవని చెబితే అప్పుడే ఇంకో ఆసుపత్రికి ఫోన్ చేయండి, తెల్లారాక హైదరాబాద్ పోదామని ఆగొద్దు.