తాడు లాగుడు

యూరప్ చరిత్ర మొత్తానికీ ఉన్న దుఃఖం ఒక్కటే: కార్సెట్ తాడు. కార్సెట్ అంటే ఆడవాళ్ళు గౌను లోపల తొడుక్కుని తాడుతో బిగించుకునే తొడుగు. అక్కడి పాతకాలం కథతో తీసిన ఏ సీరియల్ పెట్టండి, నాయిక మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంటుంది. వెనక పనిపిల్ల ఆవిడ నడుముకి మోకాలు అదిమిపెట్టి, బావిలో బొక్కెన తోడినట్టు తాడు లాగుతుంది. "ఊపిరాడటం లేదు!" అంటుంది నాయిక. దాన్నిబట్టి మనం ఆనాటి స్త్రీల అణచివేతను అర్థం చేసుకోవాలి. చేసుకున్నాం తల్లీ, కోడు వదులు.

కథాకాలం 1813 అని తెర మీద అక్షరాలు పడతాయి. అప్పటి గౌను బిగింపంతా రొమ్ముల కిందే. అక్కణ్ణించి తిన్నగా పాదాల దాకా జారిపోతుంది. ఇంత హింసపడి సన్నబరిచిన నడుము కనపడేది ఎవరికి? లోపలి తొడుగు పని రొమ్ములని ఎత్తి నిలపడం. ఒంటి తాడు చుట్టుమెట్లలా పైకి పాకేది. తెర మీద మాత్రం బూటు లేసులా గుణకారం గుర్తులు! పైగా తాడు దూరే కన్నాలకి లోహపు రింగులు 1828లో గానీ పారిస్‌లో పుట్టలేదు. అంతకుముందు మన దర్జీ కాజా కుట్టినట్టు దారం చుట్టి కుట్టేవాళ్ళు. మోకాలేసి లాగితే కన్నమే పర్రుమంటుంది.

ఇక వీపు మీద వాతల క్లోజప్. కార్సెట్ ఊరికూరికే ఉతికే వస్తువు కాదు. చెమట పీల్చడానికి కింద లినెన్ షిమ్మీ వేసుకునేవాళ్ళు. మనవాళ్ళు షిమ్మీ మానేసి వాతలు తెప్పిస్తారు, ఆనక వాటినే చరిత్రంటారు.

అన్నట్టు, ఆ పనిపిల్లా అలాంటిదే తొడుక్కుని ఉంది. దాంతోనే తెల్లారకముందు పొయ్యిలో బూడిదెత్తింది, వేణ్ణీళ్ళూ బొగ్గూ మేడ మీదికి మోసింది. నీకు ఊపిరాడుతోందా అని దాన్ని ఒక్కడూ అడగడు. ఆ ఇంటి టీలో పంచదార ఎవరి రక్తమో అసలే అడగడు. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దుచేస్తూ 2 కోట్ల పౌండ్ల పరిహారం మంజూరు చేసింది. ఎవరికి? యజమానులకి! వెస్టిండీస్ చెరకుతోటల్లో కొరడాదెబ్బలు తిన్నవాళ్ళకి చిల్లిగవ్వ లేదు. సిగ్గుంటే అది తీయండి. దానికి ఒక్క ఎపిసోడు ఇవ్వరు, తాడుకి మాత్రం సీజనుకి నాలుగుసార్లు.

వచ్చే వారం నాయిక పెళ్ళి. మంచం కోడు రెడీ.