కొడుకులాంటిదాన్నట, సంతోషం

మొన్న అరండల్‌పేటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర దూరపు బంధువు ఒకావిడ నా భుజం తట్టి, "మీ అమ్మను కొడుకులా చూసుకుంటున్నావమ్మా, నీ కడుపు చల్లగా" అన్నారు. చేతిలో గోంగూర ముద్ద ఉంది కాబట్టి నవ్వి ఊరుకున్నాను. లేకపోతే అడిగేదాన్ని: ఏ కొడుకులా అండీ? మా తమ్ముడిలాగానా? వాడు డాలస్‌లో ఉంటాడు, ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేస్తాడు. నేనూ అలాగే చూసుకుంటే అమ్మకు బీపీ మాత్ర ఎవరు వేస్తారు?

నేను చూసుకుంటున్నది కూతురిలా. అమ్మానాన్నల ఇల్లు బ్రాడీపేటలోనే, మాకు ఆరు లైన్ల అవతల. (మా ఊళ్లో దూరాలు లైన్లలోనే చెబుతాం.) నాన్నకు డయాలసిస్ మొదలైన దగ్గర నుంచి ఆరేళ్లు ఆ ఆరు లైన్లూ రోజుకు రెండుసార్లు నడిచాను. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు ఆసుపత్రిలో. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టవద్దని కొత్తగా వచ్చిన ప్రతి నర్సుకూ చెప్పాల్సింది నేనే. అన్నిటికంటే కష్టమైనది నీళ్లు. గుంటూరు మే నెల ఎండలో, మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు ఆ ఘాటు పీల్చి చెంబులకు చెంబులు నీళ్లు తాగిన మనిషికి గ్లాసుతో కొలిచి ఇవ్వాలి. "ఇంకొక్క గుక్క, పెద్దమ్మాయీ" అని ఆయన అడిగితే గ్లాసు దాచేదాన్ని. ఇదంతా కూతురి పని కాకపోతే మరెవరి పని? దీనికి కొడుకు పేరు ఎందుకు?

2023 మే నెలలో, యార్డుకు వేసవి సెలవులు ఇచ్చిన రోజుల్లో నాన్న పోయారు. తమ్ముడు వచ్చేదాకా రెండు రాత్రులు ఫ్రీజర్ బాక్సులో ఉంచాం. "కొడుకు చేతి నిప్పు పడాలి కదమ్మా" అన్నారు బాబాయి. ఆ రెండు రోజులూ నేను కొడుకులాంటిదాన్నన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదన్నారు. లైను చివర టీ కొట్టు దాకా పాడె వెనక నడిచి ఆగిపోయాను. పున్నామ నరకం నుంచి తప్పించేది పుత్రుడట. డయాలసిస్ గది నుంచి ఇంటికి తెచ్చింది ఎవరన్నది ఆ లెక్కలోకి రాదు.

తమ్ముడి మీద నాకు కోపం లేదు. అబద్ధం ఎందుకు, కొంచెం ఉంది. కానీ వాడి కథ కూడా చెప్పాలి. చిన్నప్పుడు యార్డులో నాన్న నడిపే కమీషన్ దుకాణమే వాడికి లోకం. పదేళ్లకే మిరపకాయను చూసి తేజానో, 334 రకమో చెప్పేసేవాడు. బస్తాల మధ్య దగ్గుతూ, ముక్కు కారుతూ తిరిగేవాడు, ఇంటికి రమ్మంటే వచ్చేవాడు కాదు. కొడుకును మాత్రం ఆ ఘాటులో కూర్చోబెట్టనని నాన్న పంతం. ఎంసెట్ కోసం హాస్టల్లో వేశారు. మొదటి నెలలోనే గోడ దూకి వచ్చాడు, మళ్లీ దించి వచ్చారు. నేనేమో ఎమ్మెస్సీ చదువుతానన్నాను, 1993లో పెళ్లి చేశారు. చదువుతానన్నదాన్ని అత్తారింటికీ, చదవనన్నవాడిని అమెరికాకూ పంపిన ఇల్లు మాది. కర్మలు అయిన రాత్రి గుండు మీద చెయ్యి వేసుకుని వాడు అడిగింది ఒక్కటే: "అక్కా, చివర్లో నాన్న నా గురించి ఏమైనా అడిగారా?" నీళ్లు అడిగారురా అని చెప్పలేక, అడిగారన్నాను.

తోబుట్టువు అనే మాట మనకు ఉంది, కానీ ఎవరినైనా అలా పిలిచామా? అన్న, తమ్ముడు, అక్క, చెల్లి. పిలుపులోనే ఎవరు ముందు, ఎవరు సర్దుకోవాలి అన్నది తేలిపోతుంది. నాకు మూడేళ్లు నిండకముందే వాడు పుట్టాడు. ఆ రోజు నుంచి నేను 'పెద్దమ్మాయి'ని. మూడేళ్ల పెద్దదాన్ని!

నాన్న వీలునామాలో ఇల్లు తమ్ముడికి, అమ్మ తదనంతరం. నాకు పెళ్లినాడే పసుపు కుంకుమ కింద ఇచ్చేశామని ఒక వాక్యం. ఇల్లు ఆయన స్వార్జితం, ఆయన ఇష్టం, చట్టమూ అదే అంటుంది. అయినా వారం రోజులు కూర్చుని చట్టాలు వెతికాను. కూతురి ఆస్తి హక్కు విషయంలో మన రాష్ట్రం కేంద్రం కంటే ఇరవై ఏళ్లు ముందుంది. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన 1986 నాటి సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. కేంద్ర చట్టం 2005లో మారింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాలా అన్న మెలికను 2020లో సుప్రీంకోర్టు తీసేసింది. ఇక బాధ్యత సంగతా? పెళ్లయిన కూతురు కూడా తండ్రిని పోషించాల్సిందేనని అదే కోర్టు 1987లోనే చెప్పింది. తల్లిదండ్రుల పోషణకు వచ్చిన 2007 చట్టం కూడా కొడుకునూ కూతురినీ వేరుగా చూడలేదు. హక్కు దగ్గర ఇన్ని మెలికలు పడ్డాయి, చాకిరీ దగ్గర ఒక్కటీ లేదు.

ఇలా కోపంగా చదువుతూ పోతుంటే 'హక్కు విడుదల దస్తావేజు' అన్న మాట తగిలింది, అంటే నా వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం. ఎక్కడో విన్నానే అనుకున్నాను. విన్నది మా ఇంట్లోనే.

మా మామగారికి మంగళగిరి వైపు తాతల నాటి పొలం, ఎకరం పాతిక సెంట్లు ఉండేది. 2012లో, ఆయన పోయిన ఏడాదికి, మా ఆడపడుచును విజయవాడ నుంచి పిలిపించారు. పట్టుచీర, యాభై వేలు చేతిలో పెట్టి, "ఊరికే ఒక సంతకం అమ్మా" అన్నారు. ఆమె పెళ్లి 1996లో. అంటే పైన చెప్పిన చట్టాలన్నీ ఆమె పక్షానే ఉన్నాయి. ఆమె కాగితం వైపు కాసేపు చూసింది, మా ఆయన వైపు చూసింది, సంతకం పెట్టింది. అప్పుడు నేను ఏం చేస్తున్నాను? కాఫీలు అందిస్తున్నాను. ఆడపడుచు పేచీ పెట్టకుండా వెళ్లింది, అదృష్టవంతులం అనుకున్నాను కూడా. రెండేళ్లకు రాజధాని ప్రకటన వచ్చింది. ఆ పొలానికి పలికిన ధర విని మా ఆయనకు నోట మాట రాలేదు. నా కూతురి చదువు, నేను కూర్చుని ఇది రాస్తున్న ఫ్లాటు, అన్నీ అందులోంచి వచ్చినవే.

అక్కగా నాకు అంత స్పష్టంగా కనిపించిన అన్యాయం వదినగా కనిపించనే లేదు. చదువుకున్నదాన్ని, ఆమె కంటే నాలుగు పుస్తకాలు ఎక్కువే చదివినదాన్ని. నా చేతిలో ఆ రోజు ట్రే ఉంది, అంతే.

పోయిన వారం నాన్‌స్టాప్ బస్సెక్కి సత్యనారాయణపురం వెళ్లాను. మంగళగిరి దాటుతున్నప్పుడు కిటికీ వైపు చూడలేదు. ఆడపడుచు కాళ్ల నొప్పులతో నెమ్మదిగా వచ్చి తలుపు తీసింది. ఎంత సాధన చేసుకుని వెళ్లినా సూటిగా చెప్పలేకపోయాను. పొలం, సంతకం, మీ వాటా అని ఏదో అన్నాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేదా "ఇప్పుడెందుకు వదినా అవన్నీ" అంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రెండో మాట కోసమే వెళ్లానేమో.

ఆమె కళ్లజోడు తుడుచుకుని, "పన్నెండేళ్లు దాటింది వదినా, మీరు ఆలస్యంగా వచ్చారు. సరే, అన్నయ్యను కూడా రమ్మనండి, కాగితాలు తెమ్మనండి. ఈసారి కాఫీ నేను కలుపుతాను" అంది.

ఆ మాట మా ఆయనకు ఇంకా చెప్పలేదు. నా పోస్టులు ఆయన రాత్రి భోజనం అయ్యాక చదువుతారు.